కనిపించలేదని రాయని రిపోర్టు

స్కానింగ్ డాక్టర్లుగా చేరుతున్న పిల్లల కోసం నా అనుభవాలు రాయమని మా పాత కాలేజీ వాళ్ళు అడిగారు. ఆ ఉత్తరంలో నా పేరు తప్పు రాశారు. అయినా రాస్తున్నాను.

పదవుల గురించీ సన్మానాల గురించీ రాయను. పదవులు నాకు రాలేదు. సన్మానం ఒకసారి వచ్చింది కానీ, శాలువా నా ముందు వరుసలో కూర్చున్న ఆయనకు కప్పారు. నేను రాయగలిగింది ఇద్దరు రోగుల గురించి, ఒక పెద్ద డాక్టరు గురించి. ఆ ఇద్దరి విషయంలో ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అన్నది నాకే ఇంకా తేలలేదు. తేలాక రాద్దామనుకుంటే ఈ జన్మకు అయ్యేట్టు లేదు.

మెట్ల కింద గది

నెల్లూరు నుంచి అల్లూరు పోయే దారిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. పెద్దదేం కాదు, ముప్పై పడకలు. స్కానింగ్ గది మెట్ల కింద ఉండేది. గోడకు అవతల జనరేటరు. కరెంటు పోయినప్పుడల్లా నా మంచం, నా మెషీన్, నా మంచం మీది రోగి, ముగ్గురూ కలిసి వణికేవారు. నా కుర్చీకి ఒక చక్రం ఊడిపోయింది. కొత్తది కావాలని పదకొండేళ్ళు అడిగాను. ఆ పదకొండేళ్ళలో రిసెప్షన్ కుర్చీలు మూడుసార్లు మార్చారు.

మా పని ఏమిటో మీకు ఎవరూ సరిగ్గా చెప్పరు. జనం ఫోటో తీయడం అనుకుంటారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నన్ను ‘ఫోటో డాక్టరమ్మ’ అనేవారు. వాళ్ళన్నందుకు నాకు బాధ లేదు. ఫోటోలో ఎదురుగా ఉన్నది దానంతటదే పడుతుంది. స్కాన్ అలా కాదు. పొట్ట మీద జెల్ రాసి, ప్రోబ్ అనే చేతి పరికరం పెట్టి, మబ్బు పట్టినట్టుండే తెర మీద మనమే వెతుక్కోవాలి. ప్రోబ్ ఒక వేలెడు పక్కకు జరిపితే ఒక లోకం, జరపకపోతే ఇంకో లోకం. లావుపాటి మనిషైనా, పేగుల్లో గాలి ఉన్నా ఆ లోకం కూడా కనపడదు.

ఆ ఆసుపత్రి సర్జన్ పెంచల ప్రసాద్ గారిది. ఆయన చెయ్యి మంచిదని జిల్లా అంతా చెప్పుకునేవారు. నేనూ ఒప్పుకుంటాను. ఒప్పుకోవడం కష్టంగానే ఉంది.

నేను చేరిన మొదటి నెలలో ఒకాయన పిత్తాశయంలో, అంటే గాల్‌బ్లాడర్‌లో, రాళ్ళున్నాయేమో చూడమని పంపారు. రాళ్ళు లేవు. చూస్తూ చూస్తూ మూత్రపిండంలో చిన్న నీటిబుడగ కనిపిస్తే అదీ రాశాను. పెంచల ప్రసాద్ గారు ఆ కాగితం పట్టుకుని నా గదికే వచ్చారు.

“అడిగింది చూడమ్మా. అడగనిది రాయొద్దు. నువ్వు నవల రాస్తే చదివే తీరిక నాకు లేదు.”

అప్పుడు అక్కడ నలుగురున్నారు. ఆ నలుగురూ ఎవరెవరో నాకు ఇప్పటికీ గుర్తుంది.

పోలమ్మ

తుపాను వానలు వెలిసిన రోజులు. మా వైపు ఆ కాలంలో డ్రమ్ముల్లోనూ, తిరగేసిన పడవల పక్కన పడేసిన టైర్లలోనూ నీళ్ళు నిలుస్తాయి. దోమలు, వాటి వెనకే డెంగీ. ఇది మాకు కొత్త కాదు. వార్డులో అప్పటికే నలుగురైదుగురు డెంగీ రోగులున్నారు. అందుకే తర్వాత జరిగింది తలుచుకుంటే ఇంకా అయోమయంగా ఉంటుంది.

పొద్దున పది గంటలకు పోలమ్మను తీసుకొచ్చారు. ఇరవై ఎనిమిదేళ్ళు. అల్లూరుకు తూర్పున సముద్రం ఒడ్డు ఊరు, చేపలు పట్టే ఇల్లు. మొగుడు వేటకు పోయాడు. అత్త ఆటోలో వేసుకొచ్చింది. కుడివైపు పక్కటెముకల కింద భరించలేని నొప్పి, వాంతులు.

డ్యూటీ డాక్టరు అడగాల్సింది అడిగాడు. “జ్వరం ఉందా అవ్వా?”

“లేదయ్యా.”

థర్మామీటరు పెడితే లేదు. పెంచల ప్రసాద్ గారు వచ్చి పక్కటెముకల కింద వేళ్ళు నొక్కి గాలి పీల్చమన్నారు. పీల్చబోయి అమ్మాయి మధ్యలోనే ఆపేసి ఏడ్చింది. పిత్తాశయం వాచిందనడానికి చేతికి తెలిసే పాత గుర్తు అది. నాకు చీటీ వచ్చింది: ‘గాల్‌బ్లాడర్ రాళ్ళు? వాపు?’ చీటీతోపాటే థియేటరు సిద్ధం చేయమన్న కబురు కూడా పోయింది. పన్నెండు గంటలకు ఆపరేషన్.

నేను చూశాను. పిత్తాశయం గోడ మామూలుగా పలచగా గీత గీసినట్టుంటుంది. ఈమెది దానికి నాలుగింతలు ఉబ్బి, ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్టు పొరలుపొరలుగా ఉంది. చుట్టూ నీరు. లోపల రాయి మాత్రం లేదు. ఎంత వెతికినా లేదు.

అడిగింది అయిపోయింది. అక్కడ ఆపేయొచ్చు. కానీ నాకు అడగనిది చూసే జబ్బు. ప్రోబ్‌ను కాలేయం మీదుగా ఒక వేలెడు పైకి జరిపాను. ఊపిరితిత్తి కింద నల్లటి పట్టీ కనిపించింది. అది నీరు. పొట్టలోనూ కాలేయానికీ కిడ్నీకీ మధ్య సందులో నీరు.

పిత్తాశయం ఒక్కటే చెడితే నీరు దాని చుట్టూ ఉండాలి. ఛాతీ దాకా ఎందుకు పోయింది? డెంగీలో ఇలాగే అవుతుంది. రక్తనాళాలు పాతబడ్డ గోనెసంచిలా కారడం మొదలుపెడతాయి. నీరు ఎక్కడ సందు దొరికితే అక్కడికి చేరుతుంది, పిత్తాశయం గోడలోకి కూడా. నొప్పీ అలాగే వస్తుంది. చేత్తో నొక్కితే తేడా తెలియదు. కత్తి పెట్టాల్సిన జబ్బులా ఉంటుంది, కానీ కత్తి పెడితే ఆగని రక్తస్రావం, ఎందుకంటే రక్తం గడ్డకట్టించే కణాలు అప్పటికే అడుగంటి ఉంటాయి.

కానీ ఈమెకు జ్వరం లేదు. జ్వరం లేని డెంగీ ఏమిటి? కామెర్ల వైరస్ కూడా ఇలా చేస్తుంది గానీ కళ్ళు తెల్లగానే ఉన్నాయి. నేను రెండుసార్లు తుడిచి రెండుసార్లు మళ్ళీ జెల్ రాసి చూశాను. ఇలాంటప్పుడు మీకూ తల తిరుగుతుంది. అందుకు సిగ్గుపడొద్దు.

రిపోర్టు రాసి పంపాను: రాయి లేదు, గోడ వాపు ఉంది, పొట్టలోనూ కుడి ఛాతీలోనూ నీరుంది, వైరస్ జ్వరం వల్ల కావచ్చు, రక్తకణాల లెక్క చూడండి.

రెండు నిమిషాల్లో ఫోను.

“జ్వరం లేని మనిషికి వైరస్ జ్వరం రాసినావేందమ్మా?”

“నీరు ఛాతీలో కూడా ఉంది సార్.”

“గోడ వాచింది అన్నావా లేదా?”

“అన్నాను సార్.”

“అది చాలు నాకు. రాయి లేకపోయినా గాల్‌బ్లాడర్ చెడతాది, కుళ్ళి పగులుతాది కూడా. అప్పుడు నువ్వొస్తావా కుట్టడానికి?”

ఆయన అన్నదీ నిజమే. రాయి లేకుండా పిత్తాశయం చెడుతుంది. ఆలస్యం చేస్తే మనిషి పోతుంది. కోస్తే పోతుందా, కోయకపోతే పోతుందా? తేల్చాల్సిన కణాల లెక్క రాలేదు. మా ల్యాబులో మెషీన్ వారం నుంచి పాడై ఉంటే నమూనాలు నెల్లూరు పంపుతున్నాం.

అవ్వ అబద్ధం చెప్పలేదు

నా గదిలో పనిచేసే ఆయా ఖాసింబీ. యాభై ఏళ్ళ మనిషి. ఆసుపత్రిలో నన్ను ఎప్పుడూ కించపరచని ఒకే ఒక్క మనిషి. ఆమె పోలమ్మ పొట్ట మీది జెల్ తుడుస్తూ నా వైపు తిరిగింది.

“మేడమ్, ఈ యమ్మి జడలో ఏపాకు చూసినారా?”

చూడలేదు. నేను చూసేది తెర. చెవి వెనక ఒక వేపాకు వెంట్రుకలకు అతుక్కుని ఉంది. మెడ మడతల్లో పసుపు.

“తలకి పోసినారు మేడమ్. వీళ్ళింట్లో అమ్మోరు తల్లి పోసుంటాది. మా గోడకి అవతల వాళ్ళే గదా, నేను ఎరగనా?”

నేను బయటికి పోయాను. అత్త కాటమ్మ మెట్ల పక్కన కూర్చుని ఉంది.

“అవ్వా, కోడలికి జ్వరం ఎప్పుడొచ్చింది?”

“జ్వరమేందమ్మా, రాలేదు అని చెప్పినా గదా ఆ అబ్బయ్యకి!”

ఖాసింబీ నా చెయ్యి పట్టి వెనక్కి లాగింది. “అట్ట అడిగితే చెప్పదు. ఉండండి.” పోయి అవ్వ పక్కన కింద చతికిలబడింది.

“ఏందవ్వా, తల్లి వచ్చిపోయిందంట గదా మీ ఇంటికి. ఎన్నాళ్ళు ఉన్నాది?”

అవ్వ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. “నాలుగు దినాలు ఉన్నాదమ్మా. ఒళ్ళు నిప్పు. మొకమంతా ఎర్రగా కందిపోయి, చేతుల మీద పేలి... ఇంట్లో తాలింపు కూడా ఎయ్యలా. నిన్న పసుపునీళ్ళు పోసినాం. సల్లంగా దిగిపోయింది.”

“మరి పైన డాక్టరు అడిగితే చెప్పలేదే?” అన్నాను నేను.

“జ్వరం ఉందా అని అడిగినాడు, లేదు అన్నా. తల్లిని పట్టుకొని జ్వరం అంటామా? అంటే ఊరుకుంటాదా? దిగిపోయినాక మళ్ళీ పేరెత్తకూడదు గూడా. ఇదిగో, ఈ యమ్మ అడిగింది కాబట్టి ఎత్తినా.”

నేను లోపలికి వచ్చి పోలమ్మ చేతులు పట్టి పసుపు తుడిచి చూశాను. నొక్కితే తెల్లబడే ఎర్రదనం, మధ్యమధ్యలో సన్నటి చుక్కలు.

ఇక్కడ పిల్లలు గుర్తుపెట్టుకోవాల్సింది ఉంది. డెంగీలో జ్వరం తగ్గిన రోజే ప్రమాదం మొదలవుతుంది. నాళాలు కారేది అప్పుడే. ఇంట్లోవాళ్ళు హమ్మయ్య అనుకునేదీ అప్పుడే. జ్వరం ఉందా అని అడగకండి. ఈ వారంలో ఒక్క పూటైనా ఒళ్ళు కాలిందా, ఎర్రగా పేలిందా, ఇంట్లో తాలింపు మానేశారా అని అడగండి. అవ్వ అబద్ధం చెప్పలేదు. మా వాళ్ళు తప్పు ప్రశ్న వేశారు. స్కాన్ చేసేముందు నేనైతే అదీ వేయలేదు.

నేను చూస్తుండగానే థియేటరు నుంచి స్ట్రెచర్ వచ్చి పోలమ్మను తీసుకుపోయింది. వెనకే మెట్లెక్కి థియేటరుకు పరిగెత్తాను. చెప్పులతో లోపలికి రావద్దని థియేటర్ నర్సు అడ్డుపడింది. వదిలేసి పోయాను. పెంచల ప్రసాద్ గారు చేతులు కడుక్కుంటున్నారు. మత్తు డాక్టరు శ్రీహరి గారు పక్కన నిలబడి ఉన్నారు.

“సార్, నాలుగు రోజులు జ్వరం ఉంది. నిన్నే తగ్గింది. ఒంటి మీద మచ్చలున్నాయి. కణాల లెక్క వచ్చేదాకా ఆగండి.”

“ఎవరు చెప్పినారు?”

“వాళ్ళత్త. అమ్మవారు పోసిందనుకున్నారు సార్, అందుకే జ్వరం అనలేదు.”

ఆయన మోచేత్తో కొళాయి కట్టేశారు. “పొట్ట చూడమంటే అమ్మవార్ని చూసొచ్చినావా? బలే! ఫోటో డాక్టరు పోయి పూజారి అయిందే!”

నర్సు నవ్వింది. ఆమె పేరు రాయను.

ఆయన ఆగుతానని అనలేదు. ఆగనని అనలేదు. నీళ్ళు కారుతున్న చేతులు పైకెత్తుకుని, తలుపు మీది గాజులోంచి బల్ల మీద పడుకున్న పోలమ్మను చూస్తూ నిలబడ్డారు. తర్వాత చేతులు దించేసి, “శ్రీహరీ, టీ తాగుదాం పా” అన్నారు. నా వైపు చూడలేదు.

లెక్క గంటన్నరకు వచ్చింది. లక్షన్నరకు పైగా ఉండాల్సిన కణాలు పద్దెనిమిది వేలు. డెంగీ పరీక్ష కూడా ఔనంది. ఆపరేషన్ లేదు. సెలైను కొలతగా ఎక్కించి, రోజూ చూసుకుంటూ పోయారు. ఎవరూ అడగకపోయినా రోజూ నేనూ స్కాన్ చేశాను. ఆరో రోజుకు ఉల్లిగడ్డ పొరలు మాయమై గోడ మళ్ళీ గీతలా అయింది. అదే పిత్తాశయం. ఎవరూ తాకలేదు. దానంతటదే బాగుపడింది.

పోలమ్మ నడిచి ఇంటికి పోయింది. వారం తర్వాత అవ్వ ఎండు రొయ్యలు తెచ్చి పెంచల ప్రసాద్ గారికి ఇచ్చింది, ఖాసింబీకి ఇచ్చింది. నాకు ఇవ్వలేదు.

తెర మీద నా బొమ్మ

ఆ తర్వాత నెల్లూరులో డాక్టర్ల సమావేశం జరిగితే నేనూ పోయాను. పెంచల ప్రసాద్ గారు మాట్లాడారు. తెర మీద పోలమ్మ స్కాన్ బొమ్మ వేశారు. నేను తీసింది, నేను కొలత గీతలు గీసింది. పైన మూలన ఉండే నా పేరు మటుకు కత్తిరించి ఉంది.

“చేత్తో చూస్తే గాల్‌బ్లాడరే. కానీ నాకెందుకో అనుమానం వచ్చింది. కత్తి కింద పెట్టినా” అన్నారు. చప్పట్లు కొట్టారు. నా పక్కనాయన కూడా కొట్టి, “మీ సార్ గట్టోడండీ” అన్నాడు.

తిరిగొచ్చాక శ్రీహరి గారిని అడిగాను. “ఆ రోజు సార్ నా మాట విని ఆగారా, ఆయనకే అనుమానం వచ్చిందా?”

ఆయన గడ్డం గోక్కున్నారు. “మీరు రాకముందు కౌంట్ వచ్చిందా అని రెండుసార్లు అడిగినాడు మేడమ్. కానీ చేతులు కడగడం ఆపలేదు. మీరు వచ్చినాకే ఆపినాడు. ఏది ఏందో నేనెట్ట చెప్పేది?”

ఇక్కడే నేను చిక్కుపడిపోయాను. పూర్తిగా నాదే అయితే పోట్లాడేదాన్ని. పూర్తిగా ఆయనదే అయితే నోరు మూసుకునేదాన్ని. ఆ రెండూ కాని దానితో తొమ్మిదేళ్ళు గడిపాను.

ఆ తొమ్మిదేళ్ళూ నేను ఆపే డాక్టరునయ్యాను. పిల్లలకు వైరస్ సోకితే పేగుల దగ్గర లింఫ్ గ్రంథులు వాచి బిళ్ళలు కడతాయి. కుడివైపు కింద నొప్పి వస్తుంది. అచ్చం అపెండిక్స్ నొప్పే. అలాంటి పిల్లలను ఎందరినో స్కాన్ చేసి, బిళ్ళలు చూపించి, కోయకుండా ఇంటికి పంపించాం. చాలాసార్లు నేను చెప్పిందే నిజమైంది. పెంచల ప్రసాద్ గారు కొత్త డాక్టర్లకు, “ఆయమ్మ ఆపమంటే ఆపండ్రా” అని చెప్పడం ఒకసారి నా చెవినపడింది. గౌరవంతో అన్నారో వెటకారంగా అన్నారో గొంతునుబట్టి తెలియలేదు. గౌరవం అయ్యుండదనుకుని ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

ఆయేషా

కోట అనే ఊరి నుంచి మస్తాన్ అనే దర్జీ తన కూతురిని తీసుకొచ్చాడు. పదిహేడేళ్ళ పిల్ల, పేరు ఆయేషా. ఐదు రోజుల జ్వరం. డెంగీ పరీక్ష ముందే ఔనంది. కణాలు నలభై వేలు. ముందురోజు నుంచి పొట్ట నొప్పి, కుడివైపు కింద. మస్తాన్ కొట్టు నుంచి అలాగే వచ్చినట్టున్నాడు, కొలత టేపు మెడలోనే ఉంది.

నేను స్కాన్ చేశాను. పొట్టలో నీరుంది. బిళ్ళలున్నాయి. అపెండిక్స్ కోసం వెతికాను. పేగుల్లో గాలి. పక్కకు తిప్పి పడుకోబెట్టాను, నొక్కి చూశాను. పిల్ల ఏడుస్తోంది. అపెండిక్స్ కనిపించలేదు.

ఇప్పుడు జాగ్రత్తగా చదవండి. కనిపించకపోవడం తప్పు కాదు. మంచి మెషీన్ మీద మంచి డాక్టరుకు కూడా అది చాలాసార్లు కనిపించదు. అలాంటప్పుడు ‘కనిపించలేదు’ అని రాయాలి. నేను రాయలేదు. ఆ మాట రాస్తే ఆయన కాగితం పట్టుకుని మళ్ళీ నా గదికి వస్తారని, ఫోటో డాక్టరుకు ఫోటో పడలేదా అంటారని, పక్కన నలుగురుంటారని అనిపించింది. ‘అపెండిక్స్ వాపు లక్షణాలు లేవు, ఇవన్నీ డెంగీ వల్లే, ఆపరేషన్ అవసరం లేదు’ అని రాశాను. ఆపరేషన్ కావాలా వద్దా అని రాసే పని నాది కాదు. అదీ రాశాను.

పెంచల ప్రసాద్ గారు ఈసారి ఫోను చేయలేదు. కిందికి వచ్చారు. తలుపు దగ్గర నిలబడ్డారు.

“అమ్మా, ఆ పిల్ల పొట్ట నాకు నచ్చలా. ఒకే చోట బిగుస్తా ఉంది. నెల్లూరు పంపి సీటీ స్కాన్ తీయిద్దామా?”

“నేను చూశాను కదా సార్.”

“చూసినావులే. నా తృప్తి కోసం.”

“పోలమ్మకు కూడా ఇలాగే బిగిసింది సార్. మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. మీరే ఆపారు కదా.”

తొమ్మిదేళ్ళు దాచుకున్న మాట. అనేశాను. ఆయన నా వైపు చూసి, “సరే. నువ్వు అంత గట్టిగా చెప్తావుంటే ఆగుదాం” అని వెళ్ళిపోయారు.

సాయంత్రం మస్తాన్ నా గది ముందుకు వచ్చి చెప్పులు విప్పి నిలబడ్డాడు. “మీరు ఆపరేషన్ వద్దన్నారంట మేడమ్. ఆడపిల్ల పొట్ట మీద కోత పడకుండా కాపాడినారు. అల్లా మిమ్మల్ని సల్లంగా చూడాల.” ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు నేరుగా కృతజ్ఞత చెప్పిన కొద్దిమందిలో అతనొకడు. ఆ సాయంత్రం నాకు చాలా సంతోషంగా ఉంది. ఇది కూడా దాచకుండా రాయాలి.

మర్నాడు పొద్దునకు ఆయేషా పొట్ట పలకలా గట్టిపడింది. అంబులెన్సులో నెల్లూరు పంపితే సీటీలో అన్నీ కనిపించాయి. పేగు వెనక దాక్కున్న అపెండిక్స్ పగిలి, చుట్టూ చీము. డెంగీ నిజమే, అపెండిక్స్ కూడా నిజమే. ఒక జబ్బు ఉంటే ఇంకోటి ఉండకూడదని ఎవరూ రాసివ్వలేదు. తొమ్మిదేళ్ళుగా వైరస్ సర్జరీ జబ్బు వేషం వేస్తుందని అందరికీ చెబుతూ వచ్చినదాన్ని, నిజం జబ్బు వైరస్ చాటున కూర్చుంటే పోల్చుకోలేకపోయాను.

పెంచల ప్రసాద్ గారి చెయ్యే కావాలని మస్తాన్ పట్టుబడితే పిల్లను మళ్ళీ మా ఆసుపత్రికే తెచ్చారు. కణాలు ఎక్కిస్తూ పెంచల ప్రసాద్ గారే కోశారు. నాలుగు గంటలు. నేను మెట్ల మీద కూర్చున్నాను. మస్తాన్ వచ్చి రెండు మెట్ల కింద కూర్చున్నాడు. చాలా మెల్లగా అడిగాడు.

“మీరు చూసి లేదన్నారా మేడమ్, కనపడకుండా లేదన్నారా?”

అతనికి స్కానింగ్ గురించి ఏమీ తెలియదు. పెద్ద సమావేశాల్లో కూడా నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేను జవాబు చెప్పలేదు. ఖాసింబీ నీళ్ళు తెచ్చి ముందు అతనికి ఇచ్చింది, తర్వాత నాకు.

ఆయేషా బతికింది. ఇరవై నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. కోత మానక రెండుసార్లు మళ్ళీ విప్పారు. కాలేజీలో ఒక ఏడాది పోయింది. ఇంటికి పోయేరోజు నన్ను చూసి నవ్వింది. తెలిసి నవ్విందో తెలియక నవ్విందో.

పెంచల ప్రసాద్ గారు నన్ను ఒక్క మాట అనలేదు. నేను ఎదురుచూశాను. తిడితే జవాబులు సిద్ధం చేసుకున్నాను. పాత లెక్కలన్నీ వరసగా పెట్టుకున్నాను. ఆయన తిట్టలేదు. కేసు కాగితాల్లో నా రిపోర్టు గురించి ఒక్క అక్షరం రాయలేదు. ‘సీటీ ఆలస్యంగా పంపాను’ అని తన చేత్తో రాసి సంతకం పెట్టారు.

అప్పటి నుంచి నేను రాసిన ప్రతి పొట్ట రిపోర్టులోనూ ఏది కనిపించిందో, ఏది కనిపించలేదో విడివిడిగా రాశాను. సీటీ ఎవరడిగినా వెంటనే సరే అన్నాను. స్కాన్ తేల్చలేనిచోట ఇంకో యంత్రాన్ని అడగడం స్కాన్ చేసినవాళ్ళకు అవమానం కాదు. ఇది నేర్చుకోవడానికి నాకు ఒక పిల్ల పొట్ట కావాల్సివచ్చింది. మీరు ఊరికే నేర్చుకోండి.

ఏ పోలమ్మ?

ఉద్యోగం చివరి రోజు మధ్యాహ్నం ఆయన గదికి పోయాను. ఒకటే అడగాలని పోయాను.

“సార్, పోలమ్మ విషయంలో మీరు ఎందుకు ఆగారు? నా మాట విన్నారా, మీకే అనిపించిందా?”

“ఏ పోలమ్మ?”

నేను చెప్పాను. సముద్రం ఒడ్డు ఊరు, వేపాకు, పసుపునీళ్ళు, ఎత్తిన చేతులు, టీ. నెల్లూరు సమావేశంలో తెర మీద వేసిన బొమ్మ కూడా చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని నిజంగానే వెతుక్కున్నారు.

“గుర్తులేదమ్మా. అట్టాంటివి ఎన్ని చూసినాం! అయితే నువ్వే చెప్పుంటావు. మంచి పని చేసినావు.”

ఇన్నేళ్ళూ నేను కోరుకున్న మాట అదే. అది వచ్చింది, కానీ ఇచ్చేవాడికి ఏం ఇస్తున్నాడో తెలియదు.

లేచి వస్తుంటే వెనక నుంచి అన్నారు. “ఆ కోట పిల్ల మాత్రం గుర్తుంది. మస్తాన్ కూతురు. ఆ పొట్ట ఇప్పటికీ నా చేతికి తగులుతా ఉంటాది. బిగుస్తా ఉంది అని చేతికి తెలుసు, తెలిసి ఆగినా. నా తప్పే అది.”

“రిపోర్టు నాది సార్. నాకు అపెండిక్స్ కనిపించలేదు. కనిపించలేదని రాయలేదు.”

“రిపోర్టు కాయితం అమ్మా. కోసేవాణ్ణి నేను.” ఫోను మోగింది. తీసుకున్నారు.

బయటికి వచ్చి మెట్ల మీద నిలబడ్డాను. ఆయన గొప్పవాడా, నన్ను చివరిదాకా లెక్కచేయనివాడా? ఈ పని వదిలాక కూడా రోజూ ఒకసారి ఇది ఆలోచిస్తాను. ఒకరోజు ఒకలా, ఒకరోజు ఇంకోలా అనిపిస్తుంది. నా ఒప్పు ఆయన తీసుకుని మరిచిపోయాడు. నా తప్పు ఆయన తీసుకుని మరిచిపోలేదు. రెండూ నన్ను అడగకుండానే తీసుకున్నాడు.

నేను మానేసిన వారానికి నా గదికి కొత్త కుర్చీ వచ్చిందని ఖాసింబీ ఫోన్ చేసి చెప్పింది. నాలుగు చక్రాలూ ఉన్నాయట.

ఒప్పు సంగతి ఇక వదిలేస్తున్నాను. అది ఎవరిదైనా పోలమ్మ నడిచి ఇంటికి పోయింది. కానీ ఆయేషా రిపోర్టు మాత్రం ఎవరికీ ఇవ్వను. దాని కింద సంతకం నాది. మస్తాన్ ఆ రోజు మెట్ల మీద అడిగినదానికి జవాబు ఇది: కనపడకుండా లేదన్నాను.